ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు

వరంగల్లుకు సముద్రం లేదు, తాబేళ్ళ గొడవ మనకెందుకని మిత్రులు నవ్వవచ్చు. కాని మన చేల మీద పడ్డ వాన వాగుల్లో కలిసి, గోదావరి, కృష్ణల గుండా బంగాళాఖాతానికే చేరుతుంది.

ఏటా చలికాలంలో శ్రీకాకుళం, విశాఖ, కాకినాడ తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వీటికి రక్షణ ఉంది. అయినా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి ఎన్నో! కారణాలు మూడు చెబుతాను.

మొదటిది వల. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులే. ట్రాలరు వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది.

రెండవది ప్లాస్టిక్. నీళ్ళలో తేలే సంచి దాని కంటికి జెల్లీచేప. మింగితే పేగు పూడిపోతుంది.

మూడవది రోగం. ఫైబ్రోపాపిల్లోమా అనే కణుతుల జబ్బును 1938లో న్యూయార్కు ఆక్వేరియంలోని పచ్చ తాబేలులో వర్ణించారు. రిడ్లేలకూ వస్తుంది. కంటి మీద కణితి పెరిగితే మేత కనబడదు. హెర్పిస్ జాతి వైరస్‌కూ దీనికీ సంబంధముంది. మురికి చేరిన తీరాల్లో ఇది ఎక్కువని పలువురు పరిశోధకులు గమనించారు.

మొన్న సెలవుల్లో మా బాపు పత్తికి మందు కొట్టి పంపు వాగులో కడగబోయాడు. ఆ నీళ్ళు చేనిలోనే పొయ్యమన్నాను.

"గీ చుక్క సముద్రం దాక పోతదా?" అన్నాడు.

"మనదొక్కటే కాదు గద, బాపూ" అన్నాను. ఏమీ అనలేదు గాని, వాగు దిక్కు పోలేదు.