కొత్తవాళ్ల చేతికి మొదటి పీడీఎఫ్

మాన్యువళ్లను డాక్‌బుక్‌లో రాసే టీముల్లో కొత్తగా చేరినవాళ్లు తలపట్టుకునేది రాత దగ్గర కాదు, ఇన్‌స్టలేషన్ దగ్గర. టూల్స్ అన్నీ ఉచితమే. ఉబుంటులో అయితే డాక్‌బుక్ డీటీడీ, ఎక్స్‌ఎస్‌ఎల్ స్టైల్‌షీట్లు, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్, పీడీఎఫ్ తీసే అపాచీ ఫాప్, అన్నీ ఆప్ట్ ద్వారానే వచ్చేస్తాయి. చిక్కంతా వీటిని ఒకదానితో ఒకటి కలపడంలోనే. టీమ్‌లో ఆ సెటప్ బాధ్యత మీ మీద పడితే ముందు కేటలాగ్ సంగతి చూడండి.

డాక్యుమెంట్ మొదట్లో డీటీడీకి ఒక వెబ్ అడ్రస్ ఉంటుంది. స్టైల్‌షీట్‌కూ చాలామంది వెబ్ అడ్రసే రాస్తారు. ఆ అడ్రస్ వచ్చినప్పుడు ‘అది ఈ మెషీన్‌లోనే ఫలానా ఫోల్డర్‌లో ఉంది’ అని చెప్పే చిన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలే కేటలాగ్. అది లేకపోతే టూల్ నెట్ మీద పడుతుంది. ఇంట్లో నడిచినా, ఆఫీసు ఫైర్‌వాల్ వెనక మొరాయిస్తుంది. వచ్చే ఎర్రర్‌లో ఎక్స్‌టర్నల్ ఎంటిటీ లోడ్ కాలేదని ఉంటుందే తప్ప కేటలాగ్ ఊసే ఉండదు. పాపం, కొత్తవాళ్లు తమ ట్యాగుల్లోనే తప్పుందని గంటలకొద్దీ వెతుకుతారు. డీటీడీల కోసం ప్రోగ్రాములు ఇలా ఊరికే నెట్‌కు పరిగెత్తడం వల్ల తమ సర్వర్లకు రోజుకు 13 కోట్ల దాకా రిక్వెస్టులు వస్తున్నాయని డబ్ల్యూ3సీ 2008లోనే మొత్తుకుంది.

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కు ‘నోనెట్’ ఆప్షన్ ఇచ్చి నడపండి. అప్పుడూ ఏ ఎర్రరూ లేకుండా హెచ్‌టీఎమ్‌ఎల్ వచ్చిందంటే కేటలాగ్ పని చేస్తున్నట్టే. ఉబుంటు ప్యాకేజీలు కేటలాగ్‌లో తమ వివరాలు తామే రాసుకుంటాయి. ఈ తిప్పలు ఎక్కువగా జిప్‌లు దించుకుని విప్పేవాళ్లకే. అందుకే విండోస్ వాడేవాళ్లకు కూడా డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టించి అందులో ఉబుంటు ఇవ్వడమే నయం. ఐటీవాళ్ల అనుమతి మాత్రం ముందే అడిగి పెట్టుకోవాలి. విండోస్ కోసం వేరే సూచనలు రాయొద్దంటాను. రెండు దారులు పెడితే రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, అది పాతబడి పడి ఉంటుంది.

కొత్తవాళ్లకు లావుపాటి గైడ్ ఇవ్వకండి. ఒక ఫోల్డర్, అందులో ఒక్క పేజీ నమూనా డాక్యుమెంట్, ఒక స్క్రిప్టు చాలు. జావా ఉందా, స్టైల్‌షీట్లు ఉన్నాయా అని స్క్రిప్టే చూసి, లేనిదాని పేరూ దాన్ని తెచ్చే కమాండూ తేలిక మాటల్లో చెప్పాలి. మొదటిరోజు హెచ్‌టీఎమ్‌ఎల్ వస్తే సంతోషం. జావా మీద నడిచే ఫాప్ జోలికి మర్నాడు పోవచ్చు.

ఈ స్క్రిప్టును మీ ల్యాప్‌టాప్‌లో పరీక్షించి లాభం లేదు. ఎప్పుడో పెట్టుకున్నవన్నీ అందులో ఉంటాయి కాబట్టి ఏది లోపించినా తెలియదు. ఖాళీ డాకర్ కంటెయినర్‌లో నడపండి. తర్వాత కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. కష్టమే, నాలుక దురద పెడుతుంది. వాళ్లు ఎక్కడ ఆగితే స్క్రిప్టులో అక్కడ దిద్దండి.

తెలుగు మాన్యువళ్లు తీసేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఫాప్ మామూలు ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు, వాటి స్థానంలో హాష్ గుర్తులు వరస కడతాయి. ఫాప్ కాన్ఫిగరేషన్ ఫైల్లో తెలుగు ఫాంట్ నమోదు చేసి, స్టైల్‌షీట్‌లో బాడీ ఫాంట్‌గా దాని పేరే ఇవ్వాలి. ఒత్తులు కుదిరాయో లేదో కంటితో చూడాల్సిందే. ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు నమూనా డాక్యుమెంట్‌లోనే పెట్టి ఉంచితే మొదటి పీడీఎఫ్‌లోనే తేలిపోతుంది.