దెబ్బ పడ్డాక మిగిలేదెంత?

వేటపాలెం పేరెత్తితే 1918లో పెట్టిన సారస్వత నికేతనం గుర్తొస్తుంది, మగ్గాలు గుర్తొస్తాయి, జీడిపప్పు గుర్తొస్తుంది. డయాబ్లో అనే కంప్యూటర్ ఆట మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అయినా ఈ ఊళ్లో, మనవళ్లున్న వయసులో, రాత్రి భోజనాలయ్యాక డయాబ్లో 2లో సోర్సరెస్‌నీ, పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో మరాడర్‌నీ నడుపుతూ కూర్చునేవాణ్ని నేనొకణ్ని ఉన్నాను. అదీ హార్డ్‌కోర్‌లో. క్యారెక్టర్ ఒక్కసారి పోతే ఇక అంతే. వీధిలో కుర్రాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "తాతా, ఈ బిల్డ్ నిలబడుతుందా?" అంటారు. వాళ్లతో చెప్పే మాటలే ఇవి.

1. ఆపింది లెక్కపెట్టకు, లోపలికొచ్చింది లెక్కపెట్టు.

రెసిస్టెన్స్ 75 శాతం ఉంటే నూటికి పాతిక నీ లైఫ్ మీద పడుతుంది. దాన్ని 80 చేస్తే "ఐదేగా తాతా" అంటారు. ఐదు కాదురా. పాతిక పడేచోట ఇరవై పడుతోంది, దెబ్బలో ఐదో వంతు ఎగిరిపోయింది. అదే ఐదుని సున్నా మీద కలిపితే వంద పడేచోట తొంభై ఐదు పడుతుంది, నీకు తేడా కూడా తెలియదు. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో గరిష్ఠంగా 90 దాకా వెళ్లొచ్చు. అక్కడిదాకా లాగగలిగితే పాతిక కాస్తా పదవుతుంది. ఆ ఒక్క రకం దెబ్బ వరకూ నీ లైఫ్ రెండున్నర రెట్లయినట్టే. అందుకే గరిష్ఠ రెసిస్టెన్స్‌ని ఒక్క శాతం పెంచే వస్తువు కంటబడితే, దాని మీద మిగతా గుణాలు పేలవంగా ఉన్నా సరే, అమ్మేముందు ఆగి చూస్తాను.

2. సగటు తీయొద్దు.

డయాబ్లో 2లో ఆఖరి దశ హెల్‌కి చేరేసరికి ఆట నీ రెసిస్టెన్స్‌లన్నిటి నుంచీ వంద కోసేస్తుంది. ఆన్యా అనే పాత్రని విడిపించినందుకు ఒక్కో దశలో పదేసి చొప్పున ముప్పై తిరిగొస్తుంది. అంటే 75 నిలబడాలంటే నిప్పు, చలి, పిడుగు, విషం ఒక్కోదానికీ గేర్ మీంచి 145 రావాలి. మూడింటికి వచ్చి ఒకదానికి రాకపోతే "మొత్తమ్మీద బాగానే ఉంది" అనుకోవడం పనికిరాదు. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి అతకాల్సిందే, మిగతా పోగులెంత గట్టిగా ఉన్నా సరే. వరల్డ్‌స్టోన్ కీప్‌లో సోల్స్ గుంపుగా వచ్చి పిడుగులు వేసేటప్పుడు నీ నిప్పు రెసిస్టెన్స్ ఎంతో ఎవరూ అడగరు. అక్కడికి వెళ్లేవాడు గరిష్ఠ పిడుగు రెసిస్టెన్స్‌కి పది కలిపే థండర్‌గాడ్స్ విగర్ బెల్టు పెట్టెలో ఉంచుకోవాలి, రోజూ కట్టుకోకపోయినా.

3. వస్తువు ధర వస్తువులోనే ఉండదు.

స్పిరిట్ రూన్‌వర్డ్ షీల్డ్ లేని సోర్సరెస్‌ని చూపించు! స్కిల్స్‌కి రెండు, మానా, వేగంగా మంత్రం వేసే గుణం, చలికీ పిడుగుకీ విషానికీ 35. బ్రహ్మాండమే. అయితే రెండు సంగతులు గమనించాలి. నిప్పుకి దాంట్లో ఏమీ లేదు. దాన్ని మోనార్క్‌లో చేశావంటే 156 బలం కావాలి. సోర్సరెస్‌కి వైటాలిటీలో వేసే ఒక్కో పాయింటుకి రెండు లైఫ్ వస్తుంది. మిగతా గేర్ సాయం పోను వంద పాయింట్లు బలంలో పోశావనుకో, రెండొందల లైఫ్ చెల్లించి ఆ షీల్డ్ కొన్నట్టు లెక్క. 47 బలంతో మోయగలిగే కైట్ షీల్డ్‌లో మూడు పర్ఫెక్ట్ డైమండ్‌లు గుచ్చితే నాలుగు రెసిస్టెన్స్‌లకీ 57 వస్తుంది, నిప్పుతో సహా. వేగం తగ్గుతుంది, కాదనను. హార్డ్‌కోర్‌లో నేనైతే హెల్ మొదటి అంకాల్లో ఆ చవక షీల్డే పట్టుకుని తిరుగుతాను, కుర్రాళ్లు నవ్వినా.

4. ఆర్మర్ చిన్న దెబ్బల చుట్టం.

ఇది నిదానంగా చదవండి, ఎక్కువమంది ఇక్కడే పోతున్నారు. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో ఆర్మర్ ఎంత శాతం ఆపుతుందనేది ఆర్మర్ ఒక్కదాని మీదే ఆధారపడదు, దెబ్బ ఎంత పెద్దదనే దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆర్మర్‌ని తీసుకుని, ఆర్మర్‌కి ఐదు రెట్ల దెబ్బ కలిపిన మొత్తంతో భాగించాలి. (2021కి ముందు రాసిన గైడ్‌లలో ఐదు బదులు పది ఉంటుంది. గైడ్ ఏ ఏడాదిదో చూసుకోకుండా లెక్క వేయొద్దు.)

నీ ఆర్మర్ 10,000, లైఫ్ 6,500 అనుకో. వంద దెబ్బ పడితే 90 శాతం ఆగుతుంది, అదే హద్దు, పది తగులుతుంది. వెయ్యి దెబ్బ పడితే 333 తగులుతుంది. చూశావా, కొండలా ఉన్నాను అనిపిస్తుంది. పెద్ద బాస్ ఎగిరి నేల మీద గుద్దాడు, పదివేల దెబ్బ. ఆగింది ఆరో వంతు. 8,333 తగిలింది. క్యారెక్టర్ పోయింది.

అప్పుడు కుర్రాడు ఏం చేస్తాడు? ఇంకో పదివేల ఆర్మర్ కోసం వేట మొదలెడతాడు. రెట్టింపు చేశాక కూడా అదే గుద్దుకి 7,143 తగులుతుంది. మళ్లీ పోయాడు. ఇప్పుడు ఆర్మర్‌ని పదివేల దగ్గరే ఉంచి, తగిలే ఫిజికల్ దెబ్బలో 30 శాతాన్ని నిప్పుగా మార్చే గేర్ సంపాదించు. మూడు వేలు నిప్పయిపోతుంది, 75 రెసిస్టెన్స్ దాన్ని 750 చేస్తుంది. మిగిలిన ఏడువేల మీద ఆర్మర్ కూడా కాస్త మెరుగ్గా పనిచేసి 5,444 వదులుతుంది. మొత్తం 6,194. బతికావు, మూడొందల చిల్లర లైఫ్‌తో. రెసిస్టెన్స్ దెబ్బ సైజు చూడదు గనక ఇలా జరుగుతుంది. కాగితం మీద రెట్టింపు ఆర్మర్ ఉన్నవాడు చచ్చాడు, సగం ఆర్మర్ ఉన్నవాడు ఫ్లాస్క్ తాగుతున్నాడు.

డయాబ్లో 2లో డిఫెన్స్ అంకె సంగతి పూర్తిగా వేరు. అది దెబ్బని తగ్గించదు, దెబ్బ తగిలే అవకాశాన్ని తగ్గిస్తుంది. మంత్రాలకి అసలు వర్తించదు. పరిగెత్తుతుంటే లెక్కలోకే రాదు. మనం పరిగెత్తకుండా ఆడేదెప్పుడు?

5. తప్పించుకునే బిల్డ్‌ని తప్పించుకోలేని దెబ్బతో పరీక్షించు.

ఎవేజన్ మీద కట్టిన క్యారెక్టర్ పదిలో తొమ్మిది దెబ్బలు తప్పించుకుంటాడు. పదోది తగిలినప్పుడు లైఫ్ ఎంత? అదొక్కటే ప్రశ్న. పాత్ ఆఫ్ ఎక్సైల్‌లో ఎవేజన్ మంత్రాలని తప్పించదు, కాబట్టి మంత్రాలకి వేరే ఏర్పాటు ఉందో లేదో అడుగు. ఎనర్జీ షీల్డ్ బిల్డ్ తెస్తే కేయాస్ దెబ్బ గురించి అడుగు. ఆ దెబ్బ షీల్డ్‌ని దాటి నేరుగా లైఫ్‌ని కొరుకుతుంది.

6. మెట్టు ఎక్కని అంకె వృథా.

డయాబ్లో 2లో దెబ్బ తిన్నాక తేరుకునే వేగం మెట్లమెట్లుగా పెరుగుతుంది. సోర్సరెస్‌కి 60 దగ్గర ఎనిమిది ఫ్రేములు, 86 దగ్గర ఏడు, ఆపైన 142 దాకా ఏమీ లేదు. సెకనుకి 25 ఫ్రేముల ఆట అది. స్పిరిట్ షీల్డ్ 55 ఇస్తుంది. సంచిలో (ఇన్వెంటరీలో) ఓ మూల ఐదు శాతం ఇచ్చే చిన్న చార్మ్ ఒక్కటి పెట్టుకుంటే మెట్టెక్కేశావు. స్పిరిట్ కత్తి కూడా పట్టావా, 110. అంటే 86 మెట్టు దాటాక మిగిలిన 24 గంగలో పోసినట్టే. ఆ పైన ఇదే గుణమున్న గేర్ కోసం తిరగడం మానెయ్.

7. నీ చెయ్యి నీ మీదే పడే చోటు తెలుసుకో.

డయాబ్లో 2 కేయాస్ శాంక్చువరీలో ఆబ్లివియన్ నైట్‌లు ఐరన్ మెయిడెన్ శాపం వేసేవి. బార్బేరియన్ గిర్రున తిరిగి కొట్టిన దెబ్బ తనకే తగిలి కుప్పకూలేవాడు. 2010లో వచ్చిన 1.13 ప్యాచ్‌తో ఆ నైట్‌ల దగ్గర అది తీసేశారు. అప్పటిదాకా ఎక్కువ డ్యామేజ్ ఉన్నవాడే ముందు పోయేవాడు. ఆ శాపం పోయినా, నా దెబ్బ నాకే తగిలే చోటుందా అని అడిగే అలవాటు నాకు పోలేదు.

8. పాత్ ఆఫ్ బిల్డింగ్‌లో టిక్కులు చూడు.

పాత్ ఆఫ్ ఎక్సైల్ బిల్డ్ పంపేవాళ్లంతా ఇందులోనే పంపుతారు, ఉచితం, మంచి సాధనం. అయితే తెరిచి చూస్తే ఐటమ్స్ పేజీలో ఫ్లాస్క్‌లన్నీ తాగినట్టు, కాన్ఫిగరేషన్ పేజీలో ఎండ్యూరెన్స్ చార్జీలు నిండుగా ఉన్నట్టు, "ఇటీవల చంపావు" అన్నట్టు టిక్కులు పెట్టి ఉంటాయి. ఆ ఆటలో ఇటీవల అంటే నాలుగు సెకన్లు. ఒంటరి బాస్ ముందు నాలుగు సెకన్లకోసారి ఎవణ్ని చంపుతావు? నేను టిక్కులన్నీ తీసేసి, ఒక్కో రకానికీ ఎంత పెద్ద దెబ్బ తట్టుకోగలడో చూపించే వరసకి వెళ్తాను. అందులో అన్నిటికంటే చిన్న అంకె ఏదో అదే ఆ బిల్డ్ అసలు బలం.

9. వేటపాలెం నెట్ కూడా గేర్‌లో భాగమే.

మనం ఆడేది ఎక్కువగా సింగపూర్ సర్వర్ మీద. సముద్రం మీంచి ముసురు పట్టిన రోజుల్లో లైను ఊగుతుంది, కరెంటు సంగతి సరే సరి. బాస్ చెయ్యి ఎత్తగానే పక్కకి దూకితే బతికే బిల్డ్ హైదరాబాద్‌లో మా మనవడికి నప్పుతుందేమో, ఇక్కడ నప్పదు. పాత్ ఆఫ్ ఎక్సైల్‌ని లాక్‌స్టెప్‌లో పెట్టి ఆడితే సర్వర్ జవాబిచ్చేదాకా ఆట ఆగుతుంది, తెర మీద కనిపించేదైనా నిజంగా ఉంటుంది. నాతోపాటు ఇక్కడ కూర్చునేవాళ్లు బటన్ నొక్కకపోయినా పనిచేసే రక్షణే ఎంచుకోవాలి: గరిష్ఠ రెసిస్టెన్స్, బ్లాక్, దానంతటదే నిండే లైఫ్. రక్షణకి వాడే యుటిలిటీ ఫ్లాస్క్‌లకి ఇన్‌స్టిల్లింగ్ ఆర్బ్ కొట్టి, చార్జీలు నిండగానే వాటంతటవే పనిచేసేలా పెట్టుకోవాలి. లైఫ్ ఫ్లాస్క్ ఒక్కటీ చేతికి వదిలేస్తే చాలు.