ఫ్లూ టీకా కొరతయు, మన చిన్నబిడ్డలును

వానకాలము సమీపించినప్పుడెల్ల మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు కొందరు ఒకే ప్రశ్న అడుగుచున్నారు. బిడ్డకు ఫ్లూ సూది వేయించుమని వైద్యులు చెప్పిరి. ప్రభుత్వ వైద్యశాలలో అది లేదు. పావగడ మందుల అంగళ్లలో అడిగినచో తెప్పించవలెననుచున్నారు. ఇక నేమి చేయవలెను? ఈ ప్రశ్నకు కొంత వివరముగా సమాధానము చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట రోగమును గూర్చి నాలుగు మాటలు. జలుబు వేరు, ఫ్లూ వేరు. జలుబు మెల్లగా వచ్చును. ఫ్లూ ఒక్కపూటలో బిడ్డను పడవేయును. అధిక జ్వరము, ఒళ్లునొప్పులు, పొడిదగ్గు దీని గుర్తులు. పెక్కుమందికి వారము దినములలో నయమగును. అయితే ఐదేండ్లలోపు బిడ్డలకు, అందును రెండేండ్లు నిండనివారికి, ఇది ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మారు ప్రమాదము హెచ్చు. 1918లో వ్యాపించిన ఫ్లూ మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. జనాభా లెక్కలలో 1911 మొదలు 1921 వరకు గల దశాబ్దమొక్కటే దేశ జనసంఖ్య తగ్గిన దశాబ్దమగుటకు అదియే ముఖ్యకారణము.

ఇక కొరత ఏల వచ్చునో చూతము. తట్టు టీకాను తయారుచేయు విధము ఒకమారు తెలిసిన పిమ్మట ఏండ్ల తరబడి అదే విధముగా చేయవచ్చును. ఫ్లూ వైరసు అట్లు కాక ఏటేట రూపు మార్చుకొనుచుండును. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ సంవత్సరమునకు రెండు పర్యాయములు, ఫిబ్రవరిలో భూగోళపు ఉత్తరార్ధమునకును సెప్టెంబరులో దక్షిణార్ధమునకును, టీకాలో ఏ రకముల వైరసులను చేర్చవలెనో ప్రకటించును. ఆ ప్రకటన వెలువడిన పిమ్మట మందు సీసాలోనికి వచ్చుటకు ఇంచుమించు ఆరు నెలలు పట్టును. నేటికిని అధికభాగము కోడిగ్రుడ్లలో వైరసును పెంచియే చేయుచున్నారు. మిగిలిపోయిన మందు మరుసటి ఏటికి పనికిరాదు. కావున కంపెనీలు అమ్ముడుపోవునని నమ్మినదానికి మించి చేయవు. అంగడివారు అడిగినదానికి మించి తెప్పించరు.

మన దేశమున దీనికి తోడు మరొక కారణము కలదు. ప్రభుత్వము పిల్లలకు ఉచితముగా వేయించు సార్వత్రిక టీకాల కార్యక్రమములో ఫ్లూ టీకా చేరలేదు. శిశువైద్యుల సంఘము మాత్రము ఆరు నెలలు నిండినది మొదలు ఐదేండ్ల వరకు ఏటేట వేయించుమని సలహా ఇచ్చుచున్నది. అనగా వెల పెట్టి కొనవలసిన టీకా యిది. కొనువారు నగరములలో ఎక్కువ. సరకు అటే పోవును. మన ఊరి కొరతలో పెద్దభాగము ముందుగా అడుగువారు లేకపోవుటచే కలిగినదని మా అభిప్రాయము. పది కుటుంబములవారు కలిసి ఎండకాలములోనే ఒక వైద్యునికి పేర్లిచ్చి ఉంచినచో ఆయన పది సీసాలు నమ్మకముగా తెప్పింపగలడు. రోగము వ్యాపించినదని పత్రికలలో వచ్చిన పిమ్మట పరుగెత్తినచో బెంగుళూరులోనే దొరకక పోవచ్చును. టీకా వేసిన తరువాత దేహములో రక్షణ ఏర్పడుటకు సుమారు రెండు వారములు పట్టునను సంగతి కూడ మరువరాదు.

నిజముగా మందే లేని కాలములును వచ్చినవి. 2009 మే నెలలో అప్పటి క్రొత్త ఫ్లూ, జనులు పందిజ్వరమని పిలిచినది, మన దేశమున మొదట హైదరాబాదులో బయటపడినది. ఆగస్టులో పూణేలో పదునాలుగేండ్ల బాలిక మరణించుటతో దేశమెల్ల భయపడినది. అప్పటికి టీకా ఎచ్చటను సిద్ధముగా లేదు. 2010లో విదేశములనుండి తెప్పించిన పదునైదు లక్షల మోతాదులను ఆరోగ్య సిబ్బందికి కేటాయించిరి. ఆ సంవత్సరము జూన్‌లో జైడస్ కంపెనీవారి స్వదేశీ టీకాయు, జూలైలో పూణే సీరమ్ సంస్థవారి ముక్కులో చల్లు టీకాయు వెలువడినవి. ఈ రెండవది మూడేండ్లు నిండినవారికే; అంతకు చిన్నవారికి అది పనికిరాలేదు. ఆగస్టు 10వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మహమ్మారి ముగిసినదని ప్రకటించెను. మందు వచ్చుసరికి పండుగ ముగిసినదన్నట్లయినది. వైరసు మాత్రము పోలేదు. 2015లో అదే జ్వరము మన దేశమున 42,592 మందికి సోకి 2,990 మందిని బలిగొన్నది.

కొరతలో ఎవరికి ముందు వేయవలెనను ప్రశ్నకు 2004లో అమెరికాలో జరిగినది మంచి పాఠము. ఆ దేశమునకు కావలసిన ఫ్లూ టీకాలో ఇంచుమించు సగమును ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో చిరాన్ అను కంపెనీ తయారుచేయుచుండెను. మందు శుద్ధతపై సందేహము కలిగి అక్టోబరు 5వ తేదీన బ్రిటిషు అధికారులు ఆ కర్మాగారపు లైసెన్సును నిలిపివేసిరి. చలికాలము ఎదుట నిలిచియున్నది. సగము మందు లేదు. అదే దినమున అమెరికా ఆరోగ్యశాఖవారు ఒక వరుస ప్రకటించిరి. ఆరు నెలలు మొదలు ఇరువది మూడు నెలల వరకు గల బిడ్డలు, అరువది ఐదేండ్లు దాటిన వృద్ధులు, దీర్ఘరోగులు, గర్భిణులు, రోగులను చూచు సిబ్బంది, ఆరు నెలలు నిండని శిశువులను పెంచు ఇంటివారు ముందు; ఆరోగ్యవంతులగు తక్కినవారు ఆ ఏడు మానుకొనవలెను.

ఈ వరుసలో చివరి మాటను తల్లిదండ్రులు శ్రద్ధగా గమనింపవలెనని కోరుచున్నాము. ఆరు నెలలలోపు శిశువునకు ఫ్లూ టీకా వేయరాదు. ఆ శిశువును కాపాడు మార్గములు రెండే. గర్భిణిగా నున్నప్పుడు తల్లి వేయించుకొనినచో ఆ రక్షణ కొంతకాలము బిడ్డకును సంక్రమించును. పుట్టిన పిమ్మట ఎత్తుకొను అవ్వ, తాత, అన్న, అక్క జ్వరము తెచ్చి యివ్వకుండవలెను. కాబట్టి ఒకటి రెండు సీసాలే దొరికిన ఇంట మేము చెప్పు వరుస ఇది: ఆరు నెలలు దాటి రెండేండ్లలోపు నున్న బిడ్డ అందరికంటె ముందు, ఉబ్బసము, గుండెజబ్బు మొదలగునవి గల బిడ్డ ఏ వయస్సువాడైనను వానితో సమానము, తరువాత గర్భిణి, చంటిబిడ్డను చూచువారు, ఐదేండ్లలోపు తక్కిన పిల్లలు. మా పాఠశాల పై తరగతులలో ఆరోగ్యముగా నున్న బాలబాలికలు ఈ వరుసలో వెనుకకు నిలువవలసినవారే. మా పిల్లలైనను ఈ మాట చెప్పుటకు సంకోచించుట లేదు. వారి ఇంట చంటిబిడ్డ యున్నచో మాట వేరు.

మరొక చిక్కు. తొమ్మిదేండ్లలోపు బిడ్డకు మొదటిసారి ఫ్లూ టీకా వేయునప్పుడు నాలుగు వారముల ఎడముతో రెండు మోతాదులు కావలెను. రెండవది దొరకునో లేదోయని మొదటిదానినే మానుకొను తల్లిదండ్రులు కలరు. 2004 నాటి కొరతలో అచటి అధికారులు ఈ విషయమున స్పష్టముగా చెప్పిరి: రెండవ మోతాదు కొరకని మందు దాచి ఉంచవలదు, వచ్చిన బిడ్డకు వేయుడు. దొరికినది వేయించి, రెండవదానికి పేరిచ్చి రండు. నాలుగు వారములు దాటి ఆలస్యమైనను మరల మొదటినుండి ఆరంభింపనక్కరలేదు.

ఒక సీసాను ఇద్దరు బిడ్డలకు పంచవచ్చునా యని కూడ అడుగుచున్నారు. పంచరాదు. ఇట్లడుగుటకు కారణము మాకు తెలియును. 2016లో సూదిద్వారా ఇచ్చు పోలియో టీకాకు ప్రపంచమంతట కొరత వచ్చినప్పుడు మన దేశము పూర్తి మోతాదులో ఐదవ వంతును మాత్రము, అనగా 0.5 మిల్లీలీటరునకు బదులు 0.1 మిల్లీలీటరు, చర్మపు పొరలో ఇచ్చుటకు పూనుకొన్నది. ఇట్లు మొదట ఆరంభించిన రాష్ట్రములలో కర్ణాటకము, ఆంధ్రప్రదేశము, తెలంగాణము కలవు. ఆ జూన్‌లో హైదరాబాదు మురుగునీటిలో పోలియో వైరసు కనబడగా, హైదరాబాదు రంగారెడ్డి జిల్లాలలో ఒక వారములో మూడు లక్షలకు పైగా పసిబిడ్డలకు ఈ ఐదవ వంతు టీకాయే వేసిరి. అది శాస్త్రజ్ఞులు ముందుగా పరీక్షించి, ఇట్టి రెండు చిన్న మోతాదులు ఒక పూర్తి మోతాదుకంటె మేలని తేల్చిన పిమ్మట చేసిన పని. ఫ్లూ టీకా విషయమున ఇంటివారు గాని అంగడివారు గాని తమంతట అట్లు చేయుటకు వీలులేదు.

మందును మోసికొని వచ్చుటలోను జాగ్రత్త అవసరము. తుమకూరు మనకు సుమారు నూరు కిలోమీటర్లు. హిందూపురము అంతకంటె చాల దగ్గర. అందువలన మనవారు పలువురు అచటనే కొని బస్సులో తెచ్చుచున్నారు. టీకా 2 మొదలు 8 డిగ్రీల చలువలో ఉండవలెను. వేసవి ఎండలో చేతిసంచిలో తెచ్చిన మందు చెడును. మంచుగడ్డకు నేరుగా ఆనించి గడ్డకట్టించినను చెడును. చెడిన మందు చూచుటకు మంచిదానివలెనే యుండును. కాబట్టి మందును తెచ్చుటకంటె బిడ్డనే తీసికొనిపోయి అచటి వైద్యునిచేత వేయించుట మేలు. సీసాపై ఆ సంవత్సరపు మందేనాయని తేదీ చూడుడు.

ఇప్పుడు మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచు విషయమునకు వచ్చుచున్నాము. ఫ్లూ టీకా దొరకలేదని చింతించు ఇండ్లలోనే ఉచితముగా దొరకు టీకాలు తప్పిపోవుట చూచుచున్నాము. ఫ్లూ తరువాత బిడ్డ ప్రాణము తీయునది తరచుగా న్యుమోనియా. ఆ న్యుమోనియాను కలిగించు సూక్ష్మజీవులలో ముఖ్యమైన రెండింటికి ప్రభుత్వ వైద్యశాలలోనే టీకాలు కలవు. ఒకటి ఐదు రోగములకు కలిపి ఇచ్చు పెంటావాలెంట్ టీకాలో చేరియున్నది; దానిని 6, 10, 14 వారములలో వేయుదురు. రెండవది న్యుమోకాకల్ టీకా. 6, 14 వారములలోను, మరల 9 నెలలకును వేయుదురు. తట్టు తరువాత వచ్చు న్యుమోనియాకు తట్టు రుబెల్లా టీకా అడ్డము. అది 9 నెలలకు ఒకటి, 16 మొదలు 24 నెలల మధ్య మరొకటి. ఇవి సరిగా పడిన బిడ్డకు ఫ్లూ టీకా లేకున్నను ఊపిరితిత్తులకు కొంత కవచము ఏర్పడినట్లే.

ఇవి తప్పుటకు మన తాలూకాలో ఒక ప్రత్యేక కారణము కలదు. మూడు దిక్కుల ఆంధ్రప్రదేశమే. మన కోడండ్రు మడకశిర, కల్యాణదుర్గము, పెనుకొండ ప్రాంతముల ఆడబిడ్డలు. కాన్పునకు పుట్టింటికి పోవుదురు. మొదటి టీకాలు అచట పడును, మూడు నాలుగు నెలలకు బిడ్డ ఇటు వచ్చును. అచటి కార్డు అచటనే మరచిపోవుదురు. ఇచటి ఆశా కార్యకర్త జాబితాలో బిడ్డ పేరుండదు. అచట వేయింతురులెమ్మని వీరును, ఇచట వేయింతురులెమ్మని వారును ఊరకుందురు. ఈ టీకాలు రెండు రాష్ట్రములలోను ఒక్కటే. ఏ రాష్ట్రపు కార్డైనను ఏ ఆరోగ్యకేంద్రములోనైనను చెల్లును. కేంద్రప్రభుత్వపు యు-విన్ నమోదులో బిడ్డ పేరును ఫోను నంబరుతో చేర్పించినచో కార్డు పోయినను లెక్క పోదు. తేదీ తప్పినదని సిగ్గుపడి మానుకొనవలదు, ఆగినచోటినుండియే సాగింతురు. కొద్దిపాటి జలుబు టీకాకు అడ్డము కాదు.

జ్వరము వచ్చిన బిడ్డ వేగముగా ఊపిరి తీయుచున్నను, ప్రక్కటెముకలు లోనికి లాగుచున్నను, పాలు త్రాగకున్నను, పెదవులు నీలివన్నెకు తిరిగినను, మత్తుగా పడియున్నను ఆ క్షణమే వైద్యశాలకు తీసికొనిపోవలెను. ఆస్పిరిన్ బిళ్ల పిల్లలకు ఇయ్యరాదు.

మన తల్లులలో పెక్కుమందికి కన్నడము మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. కర్ణాటకమున ఇచ్చు తాయి కార్డును బీరువాలో దాచి ఉంచుటకు ఇదియు నొక కారణమని మాకు తెలియవచ్చినది. తాయి యనగా తల్లి. అందులో లసికె యని యున్నచో టీకా. దినాంక యనగా తేదీ. దడార యనునది మన తట్టు. నాయికెమ్ము యనగా కోరింతదగ్గు, గంటలుమారి యనగా కంఠసర్పి, ధనుర్వాయు వనగా ధనుర్వాతము, కామాలె యనగా కామెర్లు. దినాంక యని యున్న గడి ఖాళీగా నున్నచో ఆ టీకా ఇంకను పడలేదేమో యని అడుగవలెను. కార్డును పాఠశాలకు తెచ్చినవారికి మా ఉపాధ్యాయులు చదివి చెప్పుదురు. బడికి రాని చిన్నబిడ్డల కార్డులను కూడ తేవచ్చును.