రూటరు ఆపేముందు దారి మళ్ళించడం

కంప్యూటర్ గదిలో "నెట్ పోయింది సార్" అనే మాట మీకు అలవాటే. అది దానంతటదే పోవడం ఒక రకం. మరమ్మతు కోసం మనుషులే కావాలని ఆపడం ఇంకో రకం. ఈ పాఠం రెండోదాని గురించి. నేనూ మన బడిలో చదువుకున్నవాణ్ణే. ఇప్పుడు మండపేటలో ఇంటర్నెట్ లైన్లు చూసే పని చేస్తున్నాను. పెట్టె ఆపాలి, కానీ ఆపినట్టు ఎవరికీ తెలియకూడదు. మా పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

రూటరంటే నాలుగు లైన్లు కలిసేచోట కూర్చుని, వచ్చిన ప్రతి సమాచారపు ముక్కా ఎటు పోవాలో చెప్పే పెట్టె. దానికీ ఫ్యాన్లు అరుగుతాయి, కార్డులు పాడవుతాయి, లోపలి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఆపక తప్పదు.

ప్లగ్గు పీకేస్తే సరిపోదా? పోదు. పక్క రూటర్లకు మన సంగతి వెంటనే తెలియకపోవచ్చు. ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతిలో రూటర్లు మామూలుగా 10 సెకండ్లకొకసారి "ఉన్నాను" అని పలకరించుకుంటాయి. 40 సెకండ్లపాటు పలుకు వినబడకపోతేనే అవతలివాడు లేడని నిర్ణయించుకుంటాయి. లైను తెగినట్టు నేరుగా తెలిస్తే సరే, మధ్యలో ఇంకో పెట్టె అడ్డముంటే ఆ 40 సెకండ్లూ సమాచారాన్ని గోతిలోకి పోస్తూనే ఉంటాయి. మండపేటలో రైసు మిల్లులు ఎక్కువ. బియ్యం లారీ కదలాలంటే ఒక్కోసారి ఈ-వే బిల్లు ఆన్‌లైన్‌లో తియ్యాల్సి వస్తుంది. మిల్లు సంగతి అలా ఉంచండి. కౌన్సెలింగ్ చివరి రాత్రి ఎవరో ఒక పిల్ల వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటూ ఉంటుంది. ఆ 40 సెకండ్లు ఆమెవి.

అందుకే ముందు దారి మళ్ళిస్తాం. 2023లో రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన మీద రోడ్డు మరమ్మతుకు మూసినప్పుడు మీలో కొందరి ఇళ్ళవాళ్ళు చూసే ఉంటారు. బళ్ళను గామన్ వంతెన మీదికీ, ధవళేశ్వరం మీదికీ మళ్ళించారు. బండి వంతెన మధ్యకొచ్చాక ఆపితే ఏం లాభం? ముందే, మలుపు దగ్గరే చెప్పాలి.

రూటర్లలో బోర్డు కట్టే పద్ధతి తమాషాగా ఉంటుంది. ప్రతి లైనుకూ "ఖర్చు" అని ఒక అంకె ఉంటుంది. మొత్తం ఖర్చు తక్కువైన దారినే ఎంచుకుంటాయి. లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. రాజమండ్రి నుంచి మండపేటకు 10, మండపేట నుంచి కాకినాడకు 10, మొత్తం 20. సామర్లకోట మీదుగా అయితే 15, 15, మొత్తం 30. కాబట్టి అంతా మండపేట మీదుగానే పోతుంది. ఇప్పుడు మండపేట రూటరు చేత "నా నుంచి బయటికి పోయే ప్రతి లైను ఖర్చూ 65535" అని చాటింపు వేయిస్తాం. అక్కడ రాయగలిగిన అతి పెద్ద అంకె అదే. రాజమండ్రి మళ్ళీ లెక్క వేసుకుంటుంది: 10, 65535 కలిపి 65545. దాని పక్కన 30 ఎంత చవక! అందరూ సామర్లకోట దారి పడతారు. మండపేట పెట్టె ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ మారే సమయంలో దారిలో ఉన్న ముక్కలు కూడా పోవు. ఈ పద్ధతిని 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3137 అనే పత్రంలో రాసిపెట్టారు, 2013లో ఆర్‌ఎఫ్‌సీ 6987గా సవరించారు. వేర్వేరు కంపెనీల మధ్య మాట్లాడే బీజీపీకి ఇలాంటిదే 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8326గా వచ్చింది.

గమనించండి, రాజమండ్రి నుంచి మండపేటకు రావడానికి ఖర్చు ఇప్పటికీ 10 మాత్రమే. అంటే మండపేట పెట్టెకే తగిలించిన ఇళ్ళకు నెట్ వస్తూనే ఉంటుంది. పెట్టె ఆపితే మాత్రం వాళ్ళకు పోతుంది, వాళ్ళను మళ్ళించడానికి వేరే లైను లేదు. ఎండాకాలంలో డెల్టా కాలువలు కట్టేసేముందు ఊళ్ళలో మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు చూడండి, వీళ్ళ సంగతీ అంతే. ముందుగా చెప్పి, పనులు చూసుకోమనాలి. మన ఘాట్ రోడ్డు పక్కన ఒకే లైను మీద బతికే ఊళ్ళకు ఈ చాటింపు ఏమీ చెయ్యదు. అక్కడ కావలసింది రెండో లైను. ఈ మాట నేను ఆఫీసులోనూ అంటుంటాను.

మళ్ళించేముందు అవతలి దారి మోయగలదా అని కూడా చూడాలి. సామర్లకోట లైను 10 గిగాబిట్లు మోస్తుందనుకోండి. రాత్రి 9 గంటలకు దాని మీద ఇప్పటికే 7 ఉంది, మనది 6. కలిపితే 13, పట్టదు. తెల్లవారుజామున 2 గంటలకు దానిది 2, మనది 1. అందుకే మాకు నిద్ర ఉండదు! మళ్ళించాక కూడా వెంటనే చెయ్యి పెట్టం. మీటరు చూస్తూ కూర్చుంటాం. స్థానిక ఇళ్ళ వాడకం తప్ప మిగతాదంతా జారిపోయిందని తేలాకే స్విచ్చి.

తిరిగి తెరవడం ఇంకా ఓపిక పని. ధవళేశ్వరంలో నీరు వదిలిన రోజే శివారు పొలానికి నీరు రాదు కదా. రూటరు లేచాక లైన్లు వెంటనే వెలిగినా, బయటి ప్రపంచపు దారులన్నీ నేర్చుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందాకా 65535 బోర్డు తియ్యకూడదు. తీస్తే దారి తెలియని పెట్టె దగ్గరికి జనమంతా వచ్చి పడతారు.

ఇక మీకో లెక్క. మండపేట 65535 చాటింది, ఇంకా ఆపలేదు. సరిగ్గా అప్పుడే సామర్లకోట లైను తెగింది. రాజమండ్రి నుంచి కాకినాడకు సమాచారం పోతుందా, పోదా? పోతే ఎంత ఖర్చుతో? కారణంతో సహా చీటీ మీద రాసి, ఈ గోడపత్రిక కింద ఉన్న పెట్టెలో వెయ్యండి.