సూదిపనియు న్యాయమైన కూలియు

హైదరాబాదు నగరమున అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములలో పెండ్లిరవికెలపై మగ్గపు పని చేసియిచ్చు దుకాణములు పెక్కు గలవు. ఈ మగ్గము నేతగాని మగ్గము గాదు. బట్టను బిగువుగా లాగి కట్టు కొయ్యచట్రము. కొక్కెపుమొన గల ఆరీ సూదిని పైనుండి గ్రుచ్చి, అడుగున రెండవచేతితో నందించిన దారమును పైకి లాగుదురు. ఒక యుచ్చులో నింకొక యుచ్చు దూరి గొలుసుకుట్టు ఏర్పడును. జర్దోసీపనిలో సన్నని లోహపుతీగ చుట్టలను తునుకలుగా గోసి, పూసలవలె సూదికి గ్రుచ్చి కుట్టుదురు. ఒక చిన్న పూవునకే పెక్కు కుట్లు వలయును.

ఇట్టి శ్రమకు వెల కట్టుట యెట్లు? మనవారు జరీకిని, పూసలకును లెక్క జూచి యిత్తురు. వంగిన నడుమునకును, అలసిన కంటికిని లెక్క జూడరు. స్త్రీలు ఇంటికడ చేసిన పనియైనచో, తీరికవేళ చేసినదే గదా యని తేల్చివేయుదురు.

ఈ తలంపు వలని నష్టమునకు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురపు లేసు అల్లిక నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతమున నేర్పిన యీ పని విదేశములకు ఎగుమతియగు వ్యాపారమయ్యెను. జర్మను సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథమున నొక సత్యమును వెల్లడించెను: దినమునకు 6 మొదలు 8 గంటలు అల్లుచున్న స్త్రీలను శ్రామికులుగా గాక గృహిణులుగా నెంచుటచేతనే వారికి అత్యల్పమైన కూలి ముట్టుచుండెను. తీరిక యను మాటయే కూలిని దించు సాధనమైనది.

ఈ దోషము మనదేశమునకే పరిమితము గాదు. బాయో పట్టణము పేర ప్రసిద్ధి కెక్కిన పదునొకండవ శతాబ్దపు వస్త్రచిత్రము సుమారు 70 మీటర్ల పొడవు గలది. అందు రాజుల పేర్లు దారముతో కుట్టబడియున్నవి. కుట్టినవారి పేర్లు మాత్రము లేవు.

న్యాయవాదులమగు మేము చట్టముయొక్క మేలును, దాని మేరను ఎరుగుదుము. 2008వ సంవత్సరపు అసంఘటిత కార్మికుల సాంఘిక భద్రతా చట్టము ఇంటికడ పనిచేయువారిని ప్రత్యేకముగా నిర్వచించి, కార్మికులలో చేర్చెను. అయినను బేరమాడుచోట చట్టము నిలిచియుండదు. అచ్చట నుండువారము మనమే. కావున చదువరులారా, రవికె కుట్టింపబోవునపుడు దుకాణదారును రెండు ప్రశ్న లడుగుడు: ఈ పనికి ఎన్ని గంటలు పట్టును? మే మిచ్చు పైకములో కుట్టినవారికి చేరున దెంత? బదులు విన్న పిమ్మటనే బేరము మొదలిడుడు.