డోలక్‌కు పాత మెరుపు

సంక్రాంతి ఇంకా నెల రోజులుంది. ఈసారి పండక్కి ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి భజన చెయ్యాలనుకున్నారు. పాటలున్నాయి. తాళాలున్నాయి. డోలక్ లేదు.

"మా ఇంట్లో ఉంది కదా!" అంది కోడలు.

అవును. వాళ్ళ అటక మీద ఒక డోలక్ ఉంది. అది మామగారిది. ఆయన పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ వాయించలేదు. కాని అత్త దాన్ని మరిచిపోలేదు. పండగ వస్తే చాలు, కిందికి దించేది. చెక్కను బూడిదతో తోమేది. సబ్బు నీళ్ళతో తుడిచేది. ఎండలో పెట్టేది. మళ్ళీ అటకెక్కించేది.

కోడలు డోలక్‌ను దించి చూసింది. ఒక పక్క తోలు చిరిగింది. తాళ్ళు వదులయ్యాయి. చెక్క మసకబారింది. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పట్టీలు ఉండాలి. అవి సరిగా కనపడడం లేదు. అక్కడక్కడా తెల్లటి మచ్చలు.

"రంగు వేస్తే కొత్తదైపోతుంది" అనుకుంది కోడలు. కొట్టుకు వెళ్ళి ఉప్పు కాగితం తెచ్చింది. చిన్న డబ్బాడు ఎర్ర రంగు తెచ్చింది. అరుగు మీద కూర్చుని గరగరా రుద్దడం మొదలుపెట్టింది.

ఆ చప్పుడుకు అత్త వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఆగమ్మా! ఆగు! అక్కడ రుద్దకు!"

"ఏమైంది అత్తమ్మా?"

అత్త డోలక్‌ను ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ పక్క, అంచు దగ్గర ఒకచోట వేలు పెట్టి చూపింది. అక్కడ చెక్క నున్నగా, కాస్త లోతుగా అరిగి ఉంది.

"మీ మామ చెయ్యి ఆన్చిన చోటు ఇది. నలభై ఏళ్ళు ఇక్కడే ఆన్చాడు. దీన్ని కూడా రుద్దేస్తావా?"

కోడలు ఉప్పు కాగితం కింద పెట్టేసింది.

తోలు మార్చే మనిషి ఏం చెప్పాడు?

మర్నాడు తోలు మార్చే అతను వచ్చాడు. డోలక్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్ర రంగు డబ్బా చూశాడు. నవ్వాడు.

"మంచి పని చేశావు చెల్లెమ్మా, రంగు పుయ్యకుండా ఆగావు. ఈ పట్టీలు కుంచెతో వేసినవి కావు. లక్కతో వేసినవి. ఒక్కసారి గీకేస్తే మళ్ళీ చేత్తో ఇలా వెయ్యలేం."

"మరి మెరుపెందుకు పోయింది అన్నా?"

"దీన్ని దేనితో తుడుస్తున్నారు?"

అత్త చెప్పింది. బూడిద. సబ్బు. ఒక్కోసారి బట్టల సోడా.

"అదే పెద్దమ్మా! లక్కకు బూడిద పడదు. సోడా అసలే పడదు. అవి లక్కను కొంచెం కొంచెంగా తినేస్తాయి. తడి కూడా పడదు. తడి ఎక్కితే ఇలా తెల్లగా పొంగుతుంది."

అత్త ముఖం చిన్నబోయింది.

"అయితే నేనే పాడుచేశానా? శుభ్రంగా ఉంచాలనే కదా తోమాను!"

"గిన్నెలు తోమినట్టే తోమావు. అందులో నీ తప్పేముంది? ఇది లక్క అని నీకెవరూ చెప్పలేదు. పోయింది కొంతే. పైపొర పోయింది, అడుగున ఇంకా ఉంది. దాన్ని మళ్ళీ మెరిపించొచ్చు."

లక్క అంటే ఏమిటి?

లక్క చెట్టు జిగురు కాదు. అది ఒక చిన్న పురుగు చేసే పదార్థం. లక్క పురుగులు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను పట్టుకుని ఉంటాయి. కొమ్మలోని రసం పీలుస్తాయి. తమ ఒంటి చుట్టూ గట్టి పెంకు కట్టుకుంటాయి. ఆ పెంకునే గీకి, కడిగి, కరిగించి లక్క తయారుచేస్తారు. మన దేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో లక్క ఎక్కువగా పండిస్తారు. రాంచీ దగ్గర 1924 లోనే లక్క మీద పరిశోధన చేసే సంస్థను పెట్టారు.

లక్క మనకు కొత్త కాదు. హైదరాబాదు లాడ్‌బజారులో లక్క గాజులు చేస్తారు. కవర్లకు లక్క సీలు వేస్తారు. భారతంలో పాండవులను కాల్చాలని కట్టించింది లక్క ఇల్లే. ఎందుకంటే లక్క వేడికి కరుగుతుంది, నిప్పుకు మండుతుంది.

అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక అనే ఊరుంది. అక్కడి లక్క బొమ్మలకు ఎంతో పేరు. అంకుడు కర్రను లేతు మిషను మీద గిరగిరా తిప్పుతారు. తిరిగే కర్రకు రంగు లక్కను ఆనిస్తారు. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పట్టీలా అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఏటికొప్పాకలో సి.వి.రాజు గారు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీసే రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2023 లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహా అనే ఊరు డోలక్‌లకు పేరుపడింది. 2023 లో అమ్రోహా డోలక్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే, అది ఆ ఊరి పనితనం అని ప్రభుత్వం ఇచ్చే గుర్తు. ఏటికొప్పాక బొమ్మలకు ఆ గుర్తింపు 2017 లో వచ్చింది.

ముందు పరీక్ష

పాత డోలక్ అన్నింటికీ లక్కే ఉంటుందని చెప్పలేం. కొన్నింటికి వార్నీషు ఉంటుంది. కొన్నింటికి రంగు ఉంటుంది. అందుకే ముందు పరీక్ష చెయ్యాలి.

అతను దూదికి ఒక చుక్క పాలీషు స్పిరిట్ అద్దాడు. తాడు కింద ఎవరికీ కనపడని చోట మెల్లగా ఆనించాడు. కాసేపటికి అక్కడ జిగటగా అయింది. దూదికి ఎర్రరంగు అంటింది.

"చూశారా? స్పిరిట్‌కు కరిగింది. ఇది లక్కే."

లక్కలో గొప్ప గుణం ఇదే. కొత్త లక్క పూస్తే పాత లక్క కొంచెం కరుగుతుంది. రెండూ ఒకటైపోతాయి. అందుకే పాతదాన్ని గీకనక్కర లేదు. చేసిన పని నచ్చకపోతే స్పిరిట్‌తో తీసెయ్యవచ్చు కూడా.

చుక్క వేసినా ఏమీ కరగకపోతే అది లక్క కాదు. అప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. పైన పాత ఎనామిల్ రంగు ఉంటే పొడిగా రుద్దరాదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము ఒంట్లోకి పోతే పిల్లల మెదడుకు హాని. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదని ప్రభుత్వం నియమం పెట్టింది. అది 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులతో జాగ్రత్తగా ఉండాలి.

పని ఇలా చేశారు

1. ముందుగా తాళ్ళు, తోళ్ళు విప్పారు. తోలుకు స్పిరిట్ తగలరాదు. తోలు మార్చే సమయమే ఈ పనికి మంచి సమయం. అప్పుడు చెక్క మొత్తం చేతికి అందుతుంది.

2. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిచారు. జిడ్డు, మసి ఉన్న చోట గుడ్డను తడిపి, గట్టిగా పిండి, ఒక్కసారి తుడిచారు. వెంటనే పొడి గుడ్డతో తడి తీసేశారు.

3. తెల్ల మచ్చల మీద స్పిరిట్ అద్దిన గుడ్డతో పైపైన ఒక్కసారి రాశారు. గుడ్డ తడిగా ఉండకూడదు. చెమ్మగా ఉంటే చాలు. ఒకేచోట ఆపకూడదు. ఆపితే గుడ్డ అంటుకుని లక్క ఊడుతుంది. రాసేకొద్దీ మచ్చలు చాలావరకు మాయమయ్యాయి.

4. లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టారు. అర లీటరు స్పిరిట్‌కు 60 గ్రాముల లక్క. రాత్రంతా నానింది. మధ్యమధ్య కదిపారు. పొద్దున పలుచని గుడ్డలో వడకట్టారు. గాజు సీసాలోనే కలపాలి. ఇనుప డబ్బాలో కలిపితే లక్క నల్లబడుతుంది.

5. దూదిని పాత నూలు గుడ్డలో చుట్టి ఉండ చేశారు. దాన్ని లక్కలో ముంచి, పిండి, పట్టీ వెంబడే రాశారు. ఒక్కో రంగు పట్టీకి ఒక్కో ఉండ. లేకపోతే ఎరుపు పోయి పసుపులో కలుస్తుంది.

6. ఒక పూత ఆరడానికి గంట ఆగారు. మళ్ళీ రాశారు. అలా నాలుగు పలుచని పూతలు. మందంగా ఒకేసారి పూస్తే ఆరదు, ముడతలు పడుతుంది.

7. వారం రోజులు నీడన, గాలి తగిలే చోట ఉంచారు. ఆ తర్వాతే తోళ్ళు బిగించారు.

ఈ పని ముసురు పట్టిన రోజుల్లో చెయ్యరాదు. గాలిలో తడి ఉంటే లక్క మళ్ళీ తెల్లబడుతుంది. కలిపిన లక్కను ఏళ్ళ తరబడి దాచరాదు. పాతబడితే అది ఆరదు.

ఒక సీసా కథ

రెండో పూత వేస్తున్నప్పుడు ఒక సంగతి జరిగింది. మిగిలిన స్పిరిట్ మంచినీళ్ళ సీసాలో ఉంది. అది అరుగు మీద ఉంది. కోడలి కొడుక్కి ఐదేళ్ళు. ఆడి ఆడి దాహంతో వచ్చాడు. సీసా అందుకున్నాడు. మూత తీశాడు.

కోడలు ఒక్క దూకు దూకి సీసా లాక్కుంది. పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆమె గుండె దడదడలాడింది.

పాలీషు స్పిరిట్ విషం. కొంచెం తాగినా కళ్ళు పోవచ్చు. ప్రాణం పోవచ్చు. ఎవరైనా పొరపాటున తాగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోరాదు. వెంటనే 108 కు ఫోన్ చెయ్యాలి. ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పిరిట్ దగ్గర పొయ్యి, దీపం, బీడీ ఉండరాదు. తుడిచిన గుడ్డలను ముద్ద చేసి పడెయ్యరాదు. ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

కోడలు స్పిరిట్‌ను వేరే గాజు సీసాలో పోసింది. మంచినీళ్ళ సీసాను పారేసింది. కాగితం చింపి, పెన్ను తీసి పెద్ద అక్షరాలతో రాసింది. చెయ్యి ఇంకా వణుకుతోంది.

అత్త పక్కన కూర్చుని చూస్తోంది. ఆమె కూడా రాత్రి బడికి పోతోంది. ఈ మధ్యనే గుణింతాలు పూర్తి చేసింది. కాగితం మీద వేలు పెట్టి చదివింది.

"వీ... షం. ఇదేమిటే? గుడిదీర్ఘం పెట్టావు. గుడి కదా పెట్టాలి!"

కోడలు చూసుకుంది. నిజమే. కొట్టేసి మళ్ళీ రాసింది.

విషం. తాగరాదు. నిప్పు దగ్గర పెట్టరాదు.

ఆ కాగితం సీసాకు అంటించారు. సీసాను తాళం వేసే పెట్టెలో పెట్టారు. పిల్లాడికి ఇంకా చదువు రాదు కదా!

పండగ రోజు

సంక్రాంతి నాడు డోలక్ భజనకు వచ్చింది. ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా ఉంది. దీపం వెలుగులో మెరిసింది. అయినా అది కొత్త డోలక్‌లా లేదు. ఒకటి రెండు గీతలు అలాగే ఉన్నాయి. ఒక తెల్ల మచ్చ పోలేదు. చెయ్యి ఆన్చిన చోటు అరుగు అలాగే ఉంది. దాని మీద లక్క మాత్రం పలుచగా రాశారు.

"నువ్వు మొదలుపెట్టు అత్తమ్మా" అంది కోడలు.

"నాకు రాదే" అంటూనే అత్త డోలక్‌ను ఒళ్ళోకి తీసుకుంది. ఎడమ చెయ్యి ఆ అరిగిన చోట ఆనించింది. చెయ్యి అక్కడ సరిగ్గా కుదిరింది.

ఇప్పుడు ఆ డోలక్‌ను బూడిదతో తోమడం లేదు. వాయించిన తర్వాత పొడి గుడ్డతో తుడుస్తారు. అంతే.

మాటలు – అర్థాలు

లక్క = లక్క పురుగు చేసే పదార్థం
ఉప్పు కాగితం = చెక్కను రుద్ది నున్నగా చేసే గరుకు కాగితం
పూత = పైన రాసిన పొర
పరిశోధన = కొత్త విషయం తెలుసుకోవడానికి చేసే పని

చెప్పండి

1. అత్త "ఆగమ్మా" అని ఎందుకు అరిచింది?
2. డోలక్ మెరుపు ఎందుకు పోయింది?
3. అది లక్కో కాదో ఎలా తెలుసుకున్నారు?
4. ఒక్కో పట్టీకి ఒక్కో గుడ్డ ఉండ ఎందుకు?

ఖాళీలు నింపండి

1. లక్క ________ లో కరుగుతుంది.
2. అర లీటరు స్పిరిట్‌కు ________ గ్రాముల లక్క కలిపారు.
3. స్పిరిట్ తాగితే వెంటనే ________ కు ఫోన్ చెయ్యాలి.

చేయండి

మీ ఇంట్లో కిరోసిన్, పురుగుల మందు, యాసిడ్ వంటివి ఏ సీసాల్లో ఉన్నాయి? ఈ రోజే చూడండి. మంచినీళ్ళ సీసాలో ఉంటే మార్చండి. ఒక్కో సీసా మీద దాని పేరు రాయండి. "విషం" అని రాయండి. గుడి పెట్టారో, గుడిదీర్ఘం పెట్టారో పక్కవారికి చూపించండి.