శ్వాసకోశములు - చిన్న పెప్టైడులు

మిరపకాయల కొట్టులోను, ధాన్యపు గిడ్డంగిలోను దినమంతయు కూర్చుండువారికి దుమ్ము తప్పదు. ఏండ్లు గడచిన పిమ్మట కొందరికి దగ్గు, ఆయాసము పట్టుకొనును. అట్టివారికి రష్యా దేశపు పెప్టైడు మాత్రలు వాడిన గుణమిచ్చునని చెప్పువారు కలరు. ఆ సరుకు దేనినుండి తీయబడుచున్నది? దాని గుణము ఎంతవరకు రుజువైనది? కొనుటకు ముందు జైన కుటుంబములు ఈ రెండు సంగతులను తెలిసికొనుట మంచిది.

పెప్టైడు అనగా నేమి?

మాంసకృత్తులు ఆమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండలవంటివి. ఈ పూసలు ముఖ్యముగా 20 రకములు. పొడవైన దండకు మాంసకృత్తు అనియు, పొట్టి దండకు పెప్టైడు అనియు పేరు. మధుమేహమునకు వాడు ఇన్సులినులో 51 పూసలు కలవు. ఇచ్చట చెప్పబోవు చిన్న పెప్టైడులలో రెండు మొదలు నాలుగు వరకే యుండును.

వీని పుట్టుక

1970 తరువాతి సంవత్సరములలో లెనిన్‌గ్రాడు నగరపు సైనిక వైద్య విద్యాలయమున వ్లాదిమిర్ ఖావిన్సన్, ఆయన సహచరులు ఈ పరిశోధన సాగించిరి. దూడల అవయవములనుండి సారము తీసి, ఏ అవయవపు సారము ఆ అవయవమునకు మేలు చేయునని వారు తలంచిరి. దూడ థైమస్ గ్రంథినుండి తీసిన థైమలిన్ అను మందునకు 1982లో సోవియట్ ప్రభుత్వము అనుమతి నొసగెను. ఖావిన్సన్ 2024లో మరణించెను.

శ్వాసకోశముల కొరకని ఈ వర్గమున రెండు తీరుల సరుకు కలదు. టాక్సోరెస్ట్ అనునది దూడల శ్వాసనాళముల సారము. బ్రాంకోజెన్ అనునది అలనీన్, గ్లుటామిక్ ఆమ్లము, ఆస్పార్టిక్ ఆమ్లము, ల్యూసిన్ అను నాలుగు పూసలను ప్రయోగశాలలో కూర్చి చేసినది.

ఎట్లు పనిచేయునందురు?

శ్వాసనాళముల లోపలి పొరపై నూగువంటి సన్నని రోమములుండును. అవి ఎడతెగక కదలుచు, కఫముతో పాటు దుమ్మును పైకి నెట్టును. పొగ, దుమ్ము ఏండ్ల తరబడి తగిలినచో రోమములు నశించి, కఫమును స్రవించు కణములు హెచ్చును. బ్రాంకోజెన్ కణముల కేంద్రమును చేరి ఈ పొరను మరల సరిచేయునని పరిశోధకుల వాదము. నైట్రోజన్ డయాక్సైడు వాయువుచే జబ్బు కలిగించిన ఎలుకలలో మేలు కనబడినదని వారు 2015లో ప్రకటించిరి.

త్రాసు ఎవరిది?

అమ్మువాని త్రాసు నొక్కదానినే నమ్మి సరుకు కొను వర్తకుడుండడు. ఈ పరిశోధనలలో పెక్కు భాగము ఒకే బృందము వారివి. అవియు అధికముగా కణములపైన, జంతువులపైన జరిగినవి. వేరొకరు పలువురు రోగులకు ఇచ్చి, ఉత్తుత్తి మందుతో పోల్చి తూచినపుడే తూకము సరియగును. ఊపిరితిత్తుల జబ్బులకు వీనిని అమెరికా ఔషధ శాఖ అనుమతింపలేదు. పైగా జీర్ణరసములు పెప్టైడులను విడగొట్టును గనుక, మ్రింగిన మాత్ర చెక్కుచెదరక ఊపిరితిత్తులను చేరునని నిరూపించు భారము అమ్మువారిదే.

అహింసా దృష్టి

దూడ పంచేంద్రియ జీవి. దాని అవయవపు సారము జైనులకు గ్రాహ్యము కాదు. ప్రయోగశాలలో కూర్చిన పెప్టైడు విషయమునను క్యాప్సూలు తొడుగు నడిగి చూడవలెను. జెలటిన్ పశువుల ఎముకలనుండి, చర్మములనుండి వచ్చును. మొక్కల సెల్యులోజుతో చేసిన తొడుగులును దొరకును. ఆ మందును ఎలుకలపై పరీక్షించిన సంగతియు లెక్కలోనికి రావలెను.

శాస్త్రము దారి మార్చుకొనుటయు కలదు. ఒకప్పుడు ఇన్సులినును పందుల, పశువుల క్లోమమునుండి తీసెడివారు. 1982 నుండి సూక్ష్మజీవులచే తయారైన మానవ ఇన్సులిను వాడుకలోనికి వచ్చెను. అయితే, వైద్యుడు వ్రాసిన మందు క్యాప్సూలైనదని దానిని తనంతట తాను మానుట ప్రమాదము. బిళ్ళగానో, ద్రవముగానో దొరకునేమో వైద్యునే అడుగవలెను.

చేయదగినవి

నోటికి వస్త్రము కట్టుట జైనులకు క్రొత్త కాదు. కాని సన్నని దుమ్మునకు పలుచని గుడ్డ చాలదు, ఎన్-95 ముసుగు కావలెను. కొట్టు ఊడ్చుటకు ముందు నేల తడుపవలెను. బీడీ, చుట్ట, సిగరెట్టు విడువవలెను. ఆయాసమున్నచో ఊది చూపు పరీక్ష చేయించుకొని, వైద్యుడు ఇచ్చిన పీల్చు మందును క్రమముగా వాడవలెను. రెండు వారములు దాటిన దగ్గునకు క్షయ పరీక్ష తప్పనిసరి. రుజువు కాని మాత్రకై ఈ పరీక్షను వాయిదా వేసినచో పోవునది ధనము మాత్రమే కాదు. జబ్బు ముదురును, అది క్షయయే యైనచో ఇంటిల్లిపాదికిని అంటును.